‘మానవ తప్పిదం’ అని రాసి ఫైలు మూసే ముందు: ఫ్యాక్టరీ నాణ్యతలో హెచ్ఆర్ చేయాల్సిన పనులు, వరుస క్రమంలో

మందుల కంపెనీల హెచ్ఆర్ విభాగాల నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఒకటే: ‘ఆడిట్ వస్తోంది, మా వైపు నుంచి ఏం సిద్ధం చేయాలి?’ అడిగేవాళ్ల మనసులో ఉన్నది ఫైళ్లు సర్దడం. ఫైళ్ల సంగతి ఈ వ్యాసంలో చివర వస్తుంది. దానికి ముందు చేయాల్సిన పని సరిగా జరిగితే ఫైళ్లు వాటంతట అవే నిండుతాయి. అది జరగకపోతే ఎంత అందంగా సర్దినా ఆడిటర్ అడిగే రెండో ప్రశ్నకే మీరు దొరికిపోతారు.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది జీడిమెట్ల, పాశమైలారం, జడ్చర్ల, పరవాడ వంటి చోట్ల కనిపించే మధ్యస్థాయి టాబ్లెట్లు, క్యాప్సూళ్ల యూనిట్. కొన్ని వందల మంది పనివాళ్లు, అందులో పెద్ద భాగం కాంట్రాక్టు మీద. ఆటో విడిభాగాలో, ఆహార ఉత్పత్తులో చేసే చోట పేర్లు మారతాయి, పని వరుస మారదు.

## 1. ముందు క్యూఏ (నాణ్యత హామీ విభాగం) గదిలో కూర్చుని పాత డీవియేషన్లు చదవండి

శిక్షణ క్యాలెండర్‌తో మొదలుపెట్టకండి. గడిచిన ఏడాది డీవియేషన్ రిజిస్టరు (నిర్దేశించిన పద్ధతి తప్పిన సందర్భాలు నమోదు చేసేది), మార్కెట్ ఫిర్యాదులు అడిగి తీసుకోండి. కారణం దగ్గర ‘మానవ తప్పిదం’, ‘ఆపరేటర్ నిర్లక్ష్యం’ అని రాసినవి పక్కకు తీయండి. చర్య దగ్గర దాదాపు అన్నిటికీ ‘మళ్లీ శిక్షణ ఇచ్చాం’ అనే ఉంటుంది.

ఒక్కోదానికీ మీ దగ్గరున్న సమాచారం జోడించండి:

- ఆ మనిషి పర్మనెంటా, కాంట్రాక్టా, అప్రెంటిసా
- ఆ పనిలో చేరి ఎన్ని నెలలు
- ఏ షిఫ్టు, షిఫ్టులో ఎన్నో గంట
- ఆ వారం మొత్తం ఎన్ని గంటలు పనిచేశారు
- ఆ పనికి శిక్షణ ఎప్పుడు, ఎవరిచ్చారు
- ఆ రోజు ఆ లైన్లో ఎంతమంది ఉండాలి, ఎంతమంది ఉన్నారు

ఈ వివరాలు క్యూఏ దగ్గర ఉండవు. హాజరు, జీతాల రికార్డులు ఉన్నది మీ దగ్గరే. అందుకే ఈ పని మీరే చేయాలి.

ఒక ఊహా ఉదాహరణ చూడండి. రెండో షిఫ్టులో కార్టన్ల మీద గడువు నెల తప్పుగా ముద్రితమైంది. నివేదికలో ‘ఆపరేటర్ సరిచూసుకోలేదు, మళ్లీ శిక్షణ’ అని ఉంది. హాజరు తీస్తే కథ వేరు. రోజూ ఆ తేదీలు ముద్రించే కోడింగ్ మెషిన్ చూసే మనిషి ఆ రోజు సెలవు. అతని బదులు కాంట్రాక్టర్ పంపిన యువకుడు అంతకుముందు రోజు వరకు చివర్లో పెద్ద అట్టపెట్టెలకు టేపు వేసేవాడు. ఒడియా వచ్చు, హిందీ కొంత వచ్చు, లైన్ క్లియరెన్స్ (పాత బ్యాచ్ సరుకు లైన్లో మిగల్లేదని సరిచూడడం) చెక్‌లిస్టు మాత్రం ఇంగ్లిషులో ఉంది. రెండో సంతకం పెట్టాల్సిన సూపర్‌వైజర్ మొదటి షిఫ్టుకు వచ్చినవాడే, రిలీవర్ రాక అప్పటికి పన్నెండు గంటలుగా డ్యూటీలో ఉన్నాడు.

ఇప్పుడు మళ్లీ శిక్షణ ఎవరికిస్తారు? సెలవు బదలాయింపు, భాష, పని గంటలు, కాంట్రాక్టర్ మీద అదుపు, ఈ నాలుగూ హెచ్ఆర్ పరిధిలోని విషయాలే. ఇలా పదిహేను ఇరవై కేసులు చదివితే మీ యూనిట్లో పట్టు ఎక్కడ జారుతోందో తెలిసిపోతుంది. కింది అంచెల్లో ఏది ముందు మొదలుపెట్టాలో ఆ జాబితాయే చెబుతుంది.

## 2. ఎవరి పని ఏదో ఒక పేజీలో రాసుకోండి

నాణ్యత నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 9001:2015లో మీకు నేరుగా తగిలే నిబంధనలు కొన్నే: 7.2 సామర్థ్యం, 7.3 అవగాహన, 7.1.4 పని వాతావరణం, 7.1.6 సంస్థాగత జ్ఞానం, 5.3 బాధ్యతలు, అధికారాలు.

7.2ను మాత్రం నిదానంగా చదవండి. ఏ పనికి ఏ సామర్థ్యం కావాలో తేల్చాలి, ఆ సామర్థ్యం ఉన్నవాళ్లే పనిచేసేలా చూడాలి, లేకపోతే సంపాదించిపెట్టి అది ఫలించిందో లేదో కొలవాలి, ఆధారాలు ఉంచాలి. అందరూ వదిలేసేది ‘ఫలించిందో లేదో’ అన్న ముక్కనే. ఇంకో సంగతి: ఈ నిబంధన ఉద్యోగులకే కాదు, సంస్థ అదుపులో పనిచేసే ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. ‘వాళ్లు మా ఉద్యోగులు కారండీ, కాంట్రాక్టర్ మనుషులు’ అన్న జవాబు అక్కడ చెల్లదు.

మందుల పరిశ్రమలో దీనికి మరింత బలం ఉంది. అమెరికా నిబంధనల్లో 21 సీఎఫ్ఆర్ 211.25, మన దేశంలో 2023 డిసెంబరులో సవరించిన షెడ్యూల్ ఎం (మందుల తయారీ నిబంధనలు), రెండూ సిబ్బంది అర్హతను, నిరంతర శిక్షణను చట్టపరంగా తప్పనిసరి చేశాయి.

పంపకం ఇలా పెట్టుకోవచ్చు. ఏం నేర్పాలో ఆ విభాగం, క్యూఏ నిర్ణయిస్తాయి. ఎవరికి, ఎప్పుడు, ఏ భాషలో, నేర్చుకున్నారని ఎలా తేల్చాలి, తేలకపోతే పని ఎవరు ఆపాలి అన్నవి హెచ్ఆర్ నడపాలి. ఆర్గనైజేషన్ చార్టు కూడా ఒకసారి చూడండి. క్యూసీ (నాణ్యత పరీక్షల విభాగం) అధిపతి ఉత్పత్తి అధిపతి కింద ఉంటే మిగతా అంచెలకు వెళ్లకండి, ముందు అది మార్పించండి.

## 3. హోదాకు కాదు, పనికి అర్హత రాయండి

‘ఆపరేటర్: ఐటీఐ, రెండేళ్ల అనుభవం’ అని రాస్తే నాణ్యతకు ఒరిగేదేమీ లేదు. అదే మనిషి ఉదయం మాత్రలను స్ట్రిప్పుల్లో పెట్టే బ్లిస్టర్ మెషిన్ మీద, మధ్యాహ్నం వాటిని తిరిగి బయటికి తీసే డీబ్లిస్టరింగ్ దగ్గర ఉంటాడు. విభాగం వారీగా పనులు విడగొట్టి, నాణ్యతను నేరుగా తాకే పనులకు గుర్తు పెట్టండి. తూకం వేయడం, కోడింగ్ మార్చడం, లైన్ క్లియరెన్స్, శాంపిల్ తీయడం, లేబుళ్లు ఇచ్చి లెక్క చూడడం అలాంటివి.

ఒక్కో పనికి నాలుగు మాటలు చాలు: ఏం తెలిసి ఉండాలి, చేతితో ఏం చేసి చూపాలి, శారీరకంగా ఏం కావాలి, ఎవరు పరీక్షించి ఒప్పుకోవాలి.

శారీరక అర్హతను చాలామంది మరిచిపోతారు. కంటితో చూసి లోపాలు ఏరేవాళ్లకు చూపు, రంగుల గుర్తింపు పరీక్షలు తప్పనిసరి. ఇంజెక్షన్ల యూనిట్లకైతే ఐరోపా జీఎంపీ (మంచి తయారీ పద్ధతుల నిబంధనలు) అనుబంధం 1 ప్రకారం ఈ పరీక్షకుల అర్హతను కనీసం ఏడాదికోసారి తిరిగి నిర్ధారించాలి, వాళ్లకు మధ్యమధ్య విరామాలూ ఇవ్వాలి. కళ్లద్దాలు వాడే మనిషిని కళ్లద్దాలతోనే పరీక్షించాలి. వైద్య పరీక్షల తేదీలు చూసేది హెచ్ఆరే కాబట్టి, ఆ తేదీ దాటిన మనిషి తనిఖీ బల్ల దగ్గర కూర్చుంటే జవాబు చెప్పాల్సిందీ మీరే.

## 4. ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న మార్చండి

జీఎంపీ అంటే ఏమిటని అడిగితే అందరూ చెబుతారు. దానికి బదులు ఇది అడగండి: ‘ఉదయం పది గంటల ఉష్ణోగ్రత రాయడం మరిచిపోయారు. సాయంత్రం నాలుగుకు గుర్తొచ్చింది. ఏం చేస్తారు?’

‘పది గంటలకు ఎంత ఉంటుందో అంచనా వేసి రాసేస్తాను’ అన్నవాళ్లు మర్యాదగా, కొన్నిసార్లు గర్వంగా కూడా చెబుతారు. పాత కంపెనీలో అదే నేర్పి ఉంటారు. కావాల్సిన జవాబు ఇంకోటి: ఖాళీని ఖాళీగానే ఉంచి సూపర్‌వైజర్‌కు చెబుతాను, ఇప్పటి తేదీ, సమయం వేసి జరిగింది జరిగినట్టు రాస్తాను.

క్యూసీ అభ్యర్థులకు కావాలని తప్పులు పెట్టిన ఒక నమూనా లాగ్‌బుక్ పేజీ ఇచ్చి, తప్పులు పట్టమనండి. దిద్దిన అంకె మీద అంకె, సంతకం లేని కొట్టివేత, వరుస తప్పిన సమయం. పావుగంటలో మనిషి తెలిసిపోతుంది.

## 5. కాంట్రాక్టు మనుషులు: అసలు చిక్కు ఇక్కడే

కాంట్రాక్టర్‌తో ఒప్పందంలో సాధారణంగా తలల లెక్కే ఉంటుంది, రోజుకు ఇంతమంది అని. ఆ లెక్క నింపడానికి అతను ఎవరు దొరికితే వాళ్లను పంపుతాడు. ఇందులో అతన్ని తప్పుపట్టి లాభం లేదు, మీరు అడిగిందే అతను ఇస్తున్నాడు. ఒప్పందాన్ని ఇలా మార్చండి:

1. గుర్తు పెట్టిన పనులకు మనుషుల సంఖ్య కాకుండా పేర్ల జాబితా ఇవ్వాలి. ప్రతి పనికీ ముందే అర్హత పొంది, అవసరమైతే బదులు వచ్చే ఇద్దరు మనుషుల పేర్లు అందులో ఉండాలి.
2. జాబితాలో లేని మనిషి వస్తే గేటు దగ్గర వెనక్కి పంపకండి. గుర్తు పెట్టని పనికి మాత్రమే పంపండి. వెనక్కి పంపితే మరుసటి రోజు వేరే మనిషి కార్డుతో లోపలికి వస్తాడు.
3. శిక్షణ రోజులకు కూడా కూలి చెల్లించే బాధ్యత కంపెనీదని రాయండి. ఈ ఖర్చు దగ్గరే బేరాలు మొదలవుతాయి, ఇక్కడ మాత్రం తగ్గకండి. కూలి రాని శిక్షణకు ఎవరూ నిలవరు.
4. పండగల క్యాలెండర్ దగ్గర పెట్టుకోండి. సంక్రాంతి, దసరాలకు ఊళ్లకు వెళ్లేవాళ్లుంటారు. ఛఠ్ పూజకు బిహార్ వాళ్లు, రథయాత్రకు ఒడిశా వాళ్లు వెళ్తారు. ఆ వారాల్లో కొత్త ముఖాలు ఎక్కువ, పొరపాట్లూ ఎక్కువ. నెల ముందే ఆ వారాల ఉత్పత్తి ప్రణాళిక గురించి ప్లాంట్ హెడ్‌తో మాట్లాడండి.

## 6. సంతకాల శిక్షణ ఆపండి

కొత్త ఎస్ఓపీ (పని ఎలా చేయాలో రాసిన అధికారిక పత్రం) వచ్చింది. షీటు తిరిగింది. నలభై మంది సంతకాలు ఒకే పెన్నుతో, ఒకే సమయంలో పడ్డాయి. దీన్ని శిక్షణ అని ఆడిటర్ నమ్మడు. ఎస్ఓపీ గురించి అడిగి చూస్తే సంతకం పెట్టినవాళ్లకూ ఏమీ గుర్తుండదు.

చేయాల్సిన వరుస ఇది:

1. తేదీల మధ్య ఖాళీ ఉంచండి. ఎస్ఓపీ ఆమోదం పొందిన రోజే అమల్లోకి రాకూడదు. మధ్యలో శిక్షణకు సరిపడా రోజులు ఉండేలా క్యూఏతో ఒప్పందం చేసుకోండి.
2. అవసరమైనవాళ్లకే ఇవ్వండి. అన్ని ఎస్ఓపీలూ అందరికీ అంటే ఎవరికీ ఏదీ ఎక్కదు. మూడో అంచెలో తయారైన పనుల జాబితాను బట్టి పంచండి.
3. భాష. అధికారిక ప్రతి ఇంగ్లిషులో ఉంటే ఉండనివ్వండి. మెషిన్ దగ్గర ఒక పేజీ సూచనలు మాత్రం తెలుగు, హిందీ, అవసరమైతే ఒడియాలో, బొమ్మలతో ఉండాలి. అవి కూడా నియంత్రిత పత్రాలే. ఎస్ఓపీ మారినప్పుడు వాటినీ మార్చాలి, లేకపోతే గోడ మీద పాతది, ఫైల్లో కొత్తది మిగులుతాయి.
4. చేసి చూపించమనండి. రాతపరీక్షలో పదికి పది వచ్చిన మనిషి కూడా మెషిన్ దగ్గర తడబడవచ్చు. గుర్తు పెట్టిన పనులకు చేతితో చేసి చూపడమే పరీక్ష.
5. నెల తర్వాత వెళ్లి చూడండి. శిక్షణ ఇచ్చినవాళ్లు కాకుండా వేరొకరు చెక్‌లిస్టు పట్టుకుని, మనిషి పనిచేస్తుండగా గమనించాలి. 7.2 అడిగే ‘ఫలితం కొలవడం’ ఇదే. దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

ఆడిటర్లు ఇష్టంగా వాడే ఒక ఎత్తు ఉంది, మీరే ముందు వాడండి. శిక్షణ షీట్లోని తేదీని, ఆ మనిషి బయోమెట్రిక్ హాజరును పక్కపక్కన పెట్టండి. వారాంతపు సెలవు రోజున శిక్షణ సంతకం కనబడితే అది శిక్షణ లోపంగా మిగలదు, రికార్డు తారుమారు కిందికి వెళ్తుంది. అప్పుడు మిగతా అన్ని రికార్డుల మీదా అనుమానం పడుతుంది. నెలకోసారి పదిమందిని తీసి ఇలా సరిచూడండి.

## 7. స్కిల్ మ్యాట్రిక్స్: షిఫ్టు వేసే మనిషి చేతిలో ఉండాలి

ఒక వైపు పేర్లు, ఒక వైపు పనులు, గడిలో స్థాయి. నాలుగు స్థాయిలు చాలు: నేర్చుకుంటున్నారు, తోడుంటే చేస్తారు, సొంతంగా చేస్తారు, ఇతరులకు నేర్పగలరు.

అందరి దగ్గరా ఈ పట్టిక ఉంటుంది, అదీ హెచ్ఆర్ కంప్యూటర్లో. రోజూ మనుషులను లైన్ల మీద వేసే షిఫ్టు ఇన్‌ఛార్జికి అది కనబడకపోతే ఉపయోగం లేదు. విభాగం గోడ మీద పెట్టండి, నెలనెలా సవరించండి, కింద తేదీ వేయండి.

సాధారణ తప్పులు, సవరణలు:

- *అందరికీ మూడో స్థాయి ఇచ్చేశారు.* స్థాయి పెంచాలంటే పరీక్షించిన మనిషి సంతకం కావాలని పెట్టండి.
- *ఒక పనికి ఒక్క మనిషే ఉన్నాడు.* ఆ గడికి ఎర్ర రంగు వేసి, రెండో మనిషి తయారీకి గడువు తేదీ రాయండి.
- *ఆరు నెలలుగా ఆ పని చేయని మనిషికి పాత స్థాయే ఉంది.* విరామం ఎంత దాటితే తిరిగి పరీక్షించాలో నియమం రాయండి. సుదీర్ఘ అనారోగ్యం, ప్రసూతి సెలవుల నుంచి తిరిగి వచ్చేవాళ్లకు ఇది మొహమాటం లేని మార్గం కూడా.

## 8. పని గంటల లెక్క క్యూఏకి కూడా పంపండి

వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్, దానికి రెట్టింపు వేతనం. ఇది అందరికీ తెలుసు. ఓవర్‌టైమ్ నివేదిక మాత్రం జీతాల విభాగానికే వెళ్తుంది. నాణ్యత వాళ్లకు దాని ఊసే తెలియదు.

ప్రతి సోమవారం ఒక చిన్న జాబితా క్యూఏకి పంపండి: గుర్తు పెట్టిన పనుల్లో వరుసగా రెండు షిఫ్టులు చేసినవాళ్లు, వారపు సెలవు తీసుకోనివాళ్లు. ఆ షిఫ్టుల బ్యాచ్ రికార్డులను (ఒక్కో విడత తయారీ వివరాలు రాసిన పత్రాలను) వాళ్లు కాస్త ఎక్కువ శ్రద్ధతో చదువుతారు.

షిఫ్టు అప్పగింత సంగతి కూడా చూడండి. బస్సు గేటు దగ్గర హారన్ కొడుతుంటే ఎవరూ నిలబడి వివరాలు చెప్పరు. రెండు షిఫ్టులూ పావుగంట కలిసి ఉండేలా బస్సు వేళలు మార్చండి, ఆ పావుగంటను పని సమయంగానే లెక్కించండి. రవాణా హెచ్ఆర్ చేతిలోనే ఉంటుంది కాబట్టి దీనికి ఎవరి అనుమతీ పెద్దగా అక్కర్లేదు.

## 9. ఇన్సెంటివ్ ఏం నేర్పుతోందో చూడండి

పెట్టెల లెక్కకు డబ్బిస్తే పెట్టెలే వస్తాయి. రిజెక్షన్లు తక్కువ చూపిన లైన్‌కు బహుమతి ఇస్తే రిజెక్షన్లు దాచడం నేర్చుకుంటారు. ‘ఈ నెల డీవియేషన్లు సున్నా’ అన్న బోర్డు చూసి సంతోషించే యాజమాన్యానికి ఆ సున్నా వెనక ఏముందో మీరే చెప్పాలి.

మార్చాల్సినవి: క్యూసీ, క్యూఏ సిబ్బంది అప్రైజల్‌లో విడుదలైన బ్యాచ్‌ల సంఖ్య ఉండకూడదు. సమస్యను తొలి గంటలోనే చెప్పిన మనిషికి అప్రైజల్‌లో మార్కు ఉండాలి. సూపర్‌వైజర్ల అంచనాలో తన కింద ఎంతమందిని మూడో స్థాయికి తెచ్చారన్నది చేర్చండి.

## 10. విచారణలో కూర్చోండి, మెమో పట్టుకుని మాత్రం కాదు

హెచ్ఆర్ మనిషి గదిలోకి రాగానే ఆపరేటర్ నోరు మూసుకుంటాడు. మెమో ఇవ్వడానికే వచ్చారనుకుంటాడు. అందుకని కారణం వెతికే విచారణను, క్రమశిక్షణ చర్యను వేరుచేస్తూ రాతపూర్వక విధానం పెట్టండి. మొదటిది పూర్తయ్యేవరకు రెండోది మొదలుకాకూడదు.

విచారణలో మీరు తేల్చాల్సింది ఈ మూడింటిలో ఏది అని:

- తెలియక చేశారు. శిక్షణ, భాష, అర్హత చూడండి.
- తెలుసు, కానీ కుదరలేదు. మనుషుల కొరత, గంటలు, వెలుతురు, ఫారం తీరు, పై ఒత్తిడి చూడండి. ఎక్కువ కేసులు ఇక్కడే తేలతాయి, శిక్షణ వల్ల వీటిలో ఒక్కటీ తగ్గదు.
- తెలిసి, కావాలని చేశారు. చేయని పరీక్షకు ఫలితం రాయడం, వెనక తేదీ వేయడం. ఇక్కడే క్రమశిక్షణ. ఇక్కడ మెతకదనం పనికిరాదు. అలా చేయమని చెప్పిన పై అధికారి ఉంటే చర్య అక్కడి నుంచే మొదలవ్వాలి.

‘మళ్లీ శిక్షణ’ ఒక్కటే చర్యగా ఉన్న నివేదిక మీద మీరు సంతకం పెట్టనని చెప్పండి. మొదటి నెల గొడవ అవుతుంది. ఆ తర్వాత నివేదికలు మెరుగుపడతాయి.

## 11. రాజీనామా రోజు

పని వదిలి వెళ్లే మనిషి దగ్గర ఐడీ కార్డు, లాకర్ తాళం తీసుకోవడం అందరూ చేస్తారు. ఇవి కూడా కలపండి:

- ల్యాబ్ పరికరాల సాఫ్ట్‌వేర్, ఈఆర్‌పీ, ఇతర వ్యవస్థల్లో లాగిన్ ఆఖరి పనిదినాన నిలిపివేయాలి, ఐటీ నుంచి రాతపూర్వక ధ్రువీకరణ తీసుకోవాలి
- నమూనా సంతకాల రిజిస్టరులో ముగింపు తేదీ వేయాలి
- వారి పేరు మీద తెరిచి ఉన్న డీవియేషన్లు, క్యాపాలు (దిద్దుబాటు, నివారణ చర్యలు) మరొకరికి అప్పగించాలి
- మ్యాట్రిక్స్‌లో పేరు తీసేసి, మిగిలిన మనుషుల లెక్క చూడాలి
- వారికి మాత్రమే తెలిసిన చిట్కాలు, మెషిన్ సెట్టింగుల గురించి నోటీసు కాలంలో బదులు వచ్చే మనిషితో కలిసి పనిచేయించాలి

వెళ్లిపోయిన మనిషి లాగిన్‌తో వారం తర్వాత ఒక పరీక్ష నడిచినట్టు ఆడిట్ ట్రయిల్‌లో (ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో కంప్యూటర్ దానంతటదే ఉంచే నమోదులో) కనిపిస్తే దానికి సమాధానం చెప్పడం చాలా కష్టం.

## 12. ఇప్పుడు ఫైళ్లు: సొంత ఆడిట్ చేసుకునే తీరు

ఆడిటర్ హెచ్ఆర్ గదితో మొదలుపెట్టడు. ఒక బ్యాచ్ రికార్డు తీస్తాడు, అందులో ఒక సంతకం మీద వేలు పెడతాడు, ‘ఈ మనిషి ఫైలు తెప్పించండి’ అంటాడు. మీరూ అలాగే చేయండి. మూడు నెలల కిందటి ఒక బ్యాచ్ తీసుకుని, అందులో సంతకం చేసిన ప్రతి ఒక్కరికీ ఇవి అరగంటలో దొరుకుతాయేమో చూడండి:

- విద్యార్హత పత్రం, దాన్ని సరిచూసిన ఆధారం
- సంతకం చేసిన ఉద్యోగ బాధ్యతల పత్రం, అందులో ఆ పని ప్రస్తావన
- ఆ బ్యాచ్ తేదీకి ముందే పూర్తయిన శిక్షణ, చేసి చూపిన పరీక్ష
- ఆ తేదీన అమల్లో ఉన్న ఎస్ఓపీ వెర్షన్‌కే శిక్షణ జరిగినట్టు రుజువు
- గడువు దాటని వైద్య పరీక్ష
- ఆ రోజు హాజరు, షిఫ్టు వేళలతో సరిపోయే సంతకం సమయం
- కాంట్రాక్టు మనిషి అయితే ఇవన్నీ కాంట్రాక్టర్ ఆఫీసులో కాక మీ దగ్గరే ఉండడం

నాలుగోది ఎక్కువమంది దగ్గర దొరకదు. శిక్షణ రికార్డులో ఎస్ఓపీ నంబరు ఉంటుంది కానీ వెర్షన్ నంబరు ఉండదు. రేపే ఫారంలో ఆ గడి చేర్పించండి.

దొరకనివాటికి ఈ రోజు కాగితం తయారుచేసి పాత తేదీ వేయకండి. లోపాన్ని లోపంగానే నమోదు చేసి, ఈ రోజు తేదీతో శిక్షణ ఇచ్చి, ఆ బ్యాచ్‌ల మీద ప్రభావం ఎంతో తేల్చమని క్యూఏకి రాయండి.